మాబెల్ టీచరు అట్ట వేసిన పుస్తకం

చేతికి ఏ పుస్తకం దొరికినా మాబెల్ టీచరు ముందు దానికి ఖాకీ అట్ట వేయాల్సిందే. ఆబిడ్స్‌లో ఒక మిషన్ బడిలో పాఠాలు చెప్పి చెప్పి రిటైరైంది గానీ, జూన్ నెల వచ్చిందంటే ఆవిడ చేతులు ఊరుకోవు. బైబిలుకు అట్ట, పాటల పుస్తకానికి అట్ట, చివరికి గ్యాస్ బుక్కుకీ అట్టే. ఈ అట్టల పిచ్చి వెనక ఇంకో సంగతుంది, అది ఆవిడ భర్త దేవకుమార్‌కు కూడా తెలియదు. ఆదివారం ఆరాధన ముగిశాక, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో వెతికి వెతికి ప్రేమ నవలలు కొనుక్కుంటుంది. ఖాకీ అట్ట వేసేశాక అది వ్యాకరణమో వలపో ఎవడు కనిపెడతాడు?

చదువుకుంటే తప్పేముంది అంటారేమో. ఉంది మరి. ఆవిడ నాంపల్లిలో తమ చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఒకసారి వాక్య ప్రసంగం జరుగుతుంటే వెనక బెంచీలో ఓ అమ్మాయి వారపత్రికలో సీరియల్ చదువుతూ దొరికిపోయింది. దాంతో మండిపడి, నవలలు చదివేవాళ్ళకు సమాజంలో ఏ పదవీ ఉండకూడదని తీర్మానం పెట్టి, అందరిచేతా చేతులెత్తించిన మహాతల్లి ఈవిడే. చెప్పేవి శ్రీరంగ నీతులని ఊరికే అన్నారా!

ఈ ఏడు జూన్‌లో దొరికిన నవల గోల్కొండ నవాబుల కాలం నాటిది. అత్తరు వర్తకుడి కూతురు నీలవేణికీ, కోటకు అధికారైన మీసాలు మెలేసే కిల్లేదారుకీ నడుమ మాటకు మాట. నన్ను పెళ్ళాడతావా అని అతగాడు అడిగితే, ముందు మీ గుర్రాన్ని అడిగి రండి, మీతో వేగడం ఎలాగో దానికే తెలుసు అంటుంది పిల్ల. బెండకాయలు తరుగుతూ మాబెల్ టీచరు తనలో తనే నవ్వుకునేది. ఇంకొన్ని పేజీలు మిగిలాయనగా కొంప మునిగింది. సమాజం బీరువా కోసం తెచ్చిన పుస్తకాలకు అట్టలు వేస్తూ, మెదక్ పల్లెల్లో సేవ చేసిన ఒక మిషనరీ దొరసాని జీవిత చరిత్రకు అంటించాల్సిన పేరు చీటీని నీలవేణి మీద అంటించేసింది. దొరసాని ఇంట్లో మిగిలింది, నీలవేణి చర్చికి వెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నం టీ పెట్టుకుని, కాళ్ళు బార్లా చాపుకుని పుస్తకం తెరిస్తే ఏముంది? ఎడ్లబండి, జ్వరం మాత్రలు, దొరసాని.  ఆ టీ అక్కడే వదిలేసి ఆటో ఎక్కి చర్చికి పరుగెత్తింది. బీరువాలో పుస్తకం లేదు, సమాజం సభ్యురాలు సోఫియా తీసుకెళ్ళిందన్నారు.

నా నవల నాకివ్వు అంటే పదవి పోతుంది, పరువూ పోతుంది. అడక్కుండా ఉంటే ఆ పిల్ల కిల్లేదారును చేసుకుందో లేదో ఈ జన్మకు తెలియదు. పాపం, కక్కలేదు, మింగలేదు.

ఆ సమాజంలో ఒక ఆనవాయితీ ఉంది. బీరువాలోంచి పుస్తకం తీసుకున్నవాళ్ళు నెల మీటింగులో లేచి దాని గురించి సాక్ష్యం చెప్పాలి. మామూలుగా ఎవరూ చదవరు. ఆత్మీయంగా బలపడ్డాను, ప్రభువుకు స్తోత్రం అని కూర్చుంటారు. అలాంటిది సోఫియా లేచి చాలాసేపు మాట్లాడింది. ఆ సహోదరి ఎంతటి అధికారి ముందైనా మాట పడలేదట, చివరి పేజీలు చదువుతుంటే కన్నీళ్ళు ఆగలేదట. అయ్యో, పెళ్ళి చెడింది కాబోలని మాబెల్ టీచరు ప్రాణం ఉసూరుమంది. తరువాతి నెల, అదే పుస్తకం తీసుకున్న లహరి లేచింది. రాతిగుండె అధికారి మనసు ఎలా కరిగిందో చెబుతూ ముసిముసిగా నవ్వింది. హమ్మయ్య అనుకునేలోపే, ఆ పైనెల ముసలి సుబ్బరత్నం కర్ర ఊతంతో లేచి, ఎంత చెప్పినా ఆ మనిషికి అంత మంచి పిల్ల తగదని తేల్చేసింది. తగదంటే చేసుకోలేదనా, చేసుకున్నా తగదనా? ఈ ముక్క అడిగే దారి లేదు.

ఒకరోజు చాదర్‌ఘాట్ బస్సులో సోఫియా పక్కన కూర్చుని, ఇంతకీ ఆ దొరసాని చివరికి ఏమైందమ్మా అని మెల్లగా కదిపింది. సోఫియా కిటికీలోంచి బయటికి చూస్తూ, "ప్రభువులో నిద్రించింది అక్కా" అంది.

బూజు పట్టిన ఆ బీరువా ముందు అప్పటికే ఆడవాళ్ళు క్యూ కడుతున్నారు, అదీ ఆ ఒక్క పుస్తకానికే. మాబెల్ టీచరు తన వంతు అడిగితే, పాస్టరమ్మ జిప్పోరా తీసుకెళ్ళారని చెప్పారు. ఇక అయిపోయిందనుకుంది.

వార్షికోత్సవం నాడు హాలు నిండిపోయింది. పాటలయ్యాక పాస్టరమ్మ లేచి, సంచీలోంచి ఖాకీ పుస్తకం తీసి అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది. ఇది దొరసాని చరిత్ర కాదని, ఇది ఎవరిదో వాళ్ళే లేచి చెప్పాలని నెమ్మదిగా అడిగింది. సోఫియా పైట సర్దుకుంది. లహరి చెప్పులు చూసుకుంది.

నోరు మూసుకు కూర్చుంటే మాబెల్ టీచరును అడిగే నాథుడు లేడు. పొరపాటున ఎలాగో వచ్చిందంటే సరిపోయేది. కానీ పుస్తకం తిరిగి చేతికి రావాలంటే నాది అనక తప్పదు. లేచి నిలబడింది.

"నాదే అమ్మగారూ. గా తీర్మానం పెట్టింది గూడ నేనే. పదవి తీసేయిండ్రి, ఏమనుకోను. పుస్తకం మాత్రం నాకియ్యిండ్రి. ఆఖరికి ఆమె వానిని చేసుకుందో లేదో తెల్వక నాకు అన్నం సయిస్తలే."

పాస్టరమ్మ పుస్తకం దించి, చాలా దిగులుగా చూసింది. "నాకు గూడ తెల్వదు అక్కా. ఆఖరి పేజీలు లెవ్వు. మీకు ఎరుకుంటదేమోనని అడిగిన."

ఇద్దరూ ఒకేసారి హాలు వైపు తిరిగారు. తెలిసినవాళ్ళు చెప్పాలంటే చదివామని ఒప్పుకోవాలి. తేలు కుట్టిన దొంగల్లా ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. చివరికి ముందు వరసలో సుబ్బరత్నం తన బైబిలు సంచీ జిప్పు లాగి, నాలుగు మడతలు పెట్టిన కాగితాలు బయటికి తీసింది.

"నేనే చింపుకున్న బిడ్డా. పొద్దుగాల లేవంగనే ఒకసారి చదువుకుంటున్న. మనసుకు నిమ్మళమైతది."

ఒక్కరూ నవ్వలేదు. పాస్టరమ్మ లహరిని పంపి తలుపు దగ్గరగా వేయించింది. తరువాత ఆ కాగితాలు తీసుకుని మాబెల్ టీచరు చేతిలో పెట్టింది. "కార్యదర్శి మీరే గద అక్కా. నిలబడి చదువుండ్రి."

మాబెల్ టీచరు క్లాసులో చదివినట్టు గట్టిగా, స్పష్టంగా చదివింది. నీలవేణి చేసుకుంది. రోజుకొక్క వాదనలోనైనా తన చేతిలో ఓడిపోవాలని షరతు పెట్టి మరీ చేసుకుంది. కిల్లేదారు ఆ షరతు మీదే వాదించబోయి అక్కడే ఓడిపోయాడు. ఆ చోట సోఫియా మళ్ళీ ఏడ్చింది. మాబెల్ టీచరుకైతే సొంత కూతురి పెళ్ళి జరిగినంత సంతోషం. ఆఖరి వాక్యం చదివి కాగితాలు మడిచింది.

అలవాటు కొద్దీ హాలంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అంది.