తొట్టిలో గుమ్మడికాయ

నేను పుట్టి పెరిగింది నంద్యాలలో. డెబ్బైల చివర్లో పెళ్లయి ఆళ్లగడ్డకు కాపురానికి వచ్చాను. మా ఆయనా నేనూ అక్కడే టీచర్లం. నంద్యాలలో మా యేసయ్య గుడి రాతికట్టడం, పెద్ద గంట, పాట ఎత్తుకుంటే బజారుదాకా వినిపించే గుంపు. ఆళ్లగడ్డలో రేకుల కప్పు, ఒక ఢోలక్, ఎవరి శ్రుతి వారిది. మొదటి ఏడంతా నేను ముక్కు విరుస్తూనే గడిపాను. "నంద్యాలలో అయితేనా..." అని మొదలుపెడితే చాలు, మా ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు.

అయితే నంద్యాలలో లేనిది ఒకటి ఇక్కడ ఉండేది. క్రిస్మస్ ఉదయం ఆరాధనలో ముందు భాగాన జొన్నచొప్పతో పశువుల పాక కట్టి, అందులో చెక్కతొట్టి పెట్టి, సంఘంలో అందరికంటే చివర పుట్టిన బిడ్డను పడుకోబెట్టేవారు. తూర్పుదేశపు జ్ఞానుల వేషం కట్టినవాళ్లు వచ్చి మోకరించేది ఆ బిడ్డ ముందే. ఆడపిల్లయినా సరే, మగపిల్లాడైనా సరే, ఏడ్చి రేకులు లేపినా సరే. ఆ రోజు విందులో మొదటి విస్తరి ఆ తల్లిది. అందుకని ఎవరి కోడలికి ఎన్నో నెల అన్నది సంఘమంతటికీ నోటికి వచ్చేది. ఈ విషయంలో తీర్పరి మా వీధి చివర ఉండే అవ్వ. ఊళ్లో సగం కాన్పులు ఆమె చేతిమీదుగా జరిగినవే. ఈస్టరు నాడే నా వాలకం కనిపెట్టి గుడి మెట్ల మీద ప్రకటించేసింది.

"ఈ యేడు తొట్లె టీచరమ్మ బిడ్డదే. ఇంగెవురూ ఆశ పెట్టుకోవాకండి."

కాన్పుకు నంద్యాల వెళ్లాను. ఆడపిల్ల పుట్టింది. పుట్టిన పూటే పోయింది. పుట్టింట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. డిసెంబరులో తిరిగి ఆళ్లగడ్డ బస్సెక్కినప్పుడు నా భయమల్లా ఒకటే. క్రిస్మస్ నాడు ఆ తొట్టి ముందు కూర్చోగలనా? కూర్చోలేకపోతే ఇక జన్మలో గుడి గడప తొక్కకూడదని లోపల తీర్మానించుకున్నాను. దేవుడి మీద నాకంత కోపంగా ఉంది.

వచ్చిన మర్నాడే వీధిలో ఏదో తేడా కనిపించింది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా శనగచేల గురించి, కోయిలకుంట్ల బస్సు చక్రం ఊడిపోవడం గురించి మాట్లాడి వెళ్లిపోతున్నారు. పక్కింటి అమ్మాయికి నెల కిందట కొడుకు పుట్టాడని నాకు తెలుసు. నేను పెరట్లోకి వెళ్లేసరికి ఆమె చేతిలో ఏదో పాతచీరల మూట. నన్ను చూసి ఆ మూటను చటుక్కున వీపు వెనక పెట్టుకుంది. మూట కెవ్వుమంది.

"పిల్లి అక్కా" అంది ఆ అమ్మాయి, చెమటలు కక్కుతూ. "మా ఇంట్లో పిల్లి పెట్టుకుండాము."

పిల్లి ఇంకోసారి కెవ్వుమంది. ఆమె మూటతో సహా లోపలికి పరుగెత్తింది. నాకు ఏడుపు రావాల్సింది, చిరాకు వచ్చింది.

అసలు సంగతి నక్షత్రానికి రంగుకాగితాలు కొనడానికి వెళ్లినప్పుడు బయటపడింది. అంగడి శెట్టిగారికి మా పండగ మా కంటే బాగా తెలుసు. ఏటా అడిగి మరీ కజ్జికాయలు తెప్పించుకునేవాడు. ఆ రోజు కాగితాలు చుట్టి ఇచ్చి, గొప్ప పని చేసినవాడిలా మొహం పెట్టాడు.

"అమ్మా, ఏం పండగని నేను అడగను. ఎవురు పుట్టినారని కూడా అడగను. నీ ముందర ఆ మాటే ఎత్తొద్దని మీ ఇంటాయన నిన్ననే చెప్పిపోయినాడు."

ఇంటికి వచ్చి మా ఆయనను నిలదీశాను. "ఊళ్లో ఎంతమందికి చెప్పి వచ్చారు?"

"నేను శెట్టి ఒక్కనికే చెప్పినా మే. సంఘానికంతా అవ్వ చెప్పింది." ఆయన తల వంచుకున్నాడు. "ఈ పండక్కి పోవద్దులే. ఇంట్లోనే ఉందాము."

ఆయన ఆ మాట అనకపోతే నేను ఇంట్లోనే ఉండేదాన్నేమో. నాకు ఏదైనా వద్దంటే చాలు, అదే చెయ్యాలనిపించే రోగం చిన్నప్పటినుంచీ ఉంది. క్రిస్మస్ ఉదయం కొత్తచీర కట్టుకుని ఆయన కంటే ముందు నడిచాను.

గుడిలో అడుగు పెట్టగానే చాపల మీద ఆడవాళ్లంతా జరిగి చోటిచ్చారు. వాళ్లలో ఒక్కరి ఒళ్లోనూ చంటిబిడ్డ లేదు. అంతకు కొంచెం ముందే, పసిబిడ్డలను చంపించిన ఆ హేరోదు రాజు వచ్చి పోయాడా అన్నట్టుంది. పాట మొదలైంది. పాటలో శిశువు అనే మాట వచ్చే చోటల్లా ఢోలక్ వాయించే అన్న పూనకం వచ్చినట్టు దబదబ బాదాడు. రెండో చరణంలో ఆ మాట వరసగా వచ్చింది. ఢోలక్ చర్మం చిరిగిపోతుందని నేను నిజంగా భయపడ్డాను.

తర్వాత అయ్యగారు ప్రసంగానికి లేచారు. మంచి పాస్టరు ఆయన, మనసు వెన్న. యోసేపు, మరియ నజరేతు నుంచి బయలుదేరడం చెప్పారు. దారిలో ఎండ చెప్పారు, రాళ్లు చెప్పారు, గాడిద కాళ్లు చెప్పారు. సత్రంలో చోటు లేదన్నారు. పశువుల పాక దగ్గరికి వచ్చి ఆగారు. నా వైపు చూశారు. మంచినీళ్లు తాగారు. మళ్లీ గాడిద దగ్గరికి పోయారు. దానికి మేత ఎవరు వేశారో చాలాసేపు ఆలోచించి, చివరకు ధైర్యం చేసి ఒక్క దూకు దూకారు. "ప్రియులారా, యేసుప్రభువు పన్నెండేండ్లవాడై దేవాలయములో కూర్చుండి..."

పుట్టకుండానే పన్నెండేళ్లు వచ్చేశాయి.

నేను పెదవి కొరుక్కుంటూ కూర్చున్నాను. అప్పుడు జ్ఞానులు బయలుదేరారు. దుప్పట్లు కప్పుకుని, అట్టకిరీటాలు పెట్టుకుని, పళ్లేలు పట్టుకుని వరసగా నడిచి తొట్టి ముందు మోకరించారు. నేను చూడకూడదనుకుంటూనే చూశాను. ఖాళీ తొట్టి కనిపిస్తే నా గుండె పగులుతుందని ఎవరికో తోచినట్టుంది. పంట కానుకగా వచ్చిన గుమ్మడికాయను ఒకదాన్ని తెల్లగుడ్డలో చుట్టి పడుకోబెట్టారు. చలేస్తుందని కాబోలు, దానికి కుచ్చుటోపీ కూడా పెట్టారు. ముగ్గురు జ్ఞానులు దానికి భక్తితో బంగారం, సాంబ్రాణి, బోళం సమర్పించారు.

నాకు నవ్వు వచ్చింది. ఆపుకుందామని కొంగు నోట్లో కుక్కుకున్నాను. భుజాలు ఎగిరిపడుతున్నాయి, కళ్ల నీళ్లు కారుతున్నాయి. నేను ఏడుస్తున్నాననుకుని పక్కనున్న ఆమె ఏడుపు అందుకుంది. ఆమెను చూసి వెనక వరస అందుకుంది. అవ్వ రాగం తీసింది. అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఏం జరుగుతోందో తెలియక జ్ఞానులు గుమ్మడికాయ ముందు మోకాళ్ల మీదే ఉండిపోయారు.

ఇక నా వల్ల కాలేదు. లేచి నిలబడ్డాను.

"ఏందప్పా ఇది!" అన్నాను, తరగతిలో అరిచినట్టే. "ఈ ఊర్లో యేసయ్య పుట్టినాడా, ల్యాదా? గుమ్మడికాయను చూసేదానికా నేను పండగపూట కొత్తచీర కట్టుకోని వచ్చింది? యాడుండాడు ఆ పక్కింటి పిల్లోడు?"

అయ్యగారే మెల్లగా గుడి వెనక వైపు చెయ్యి చూపించారు. నేనే వెళ్లాను. గోడ నీడలో రాయి మీద ఆ అమ్మాయి కొడుకును ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది, తన పండగ తనకు కాకుండా పోయినా నోరెత్తకుండా. నన్ను చూడగానే మళ్లీ చీర కప్పబోయింది.

"పిల్లిని ఇట్లియ్యి" అన్నాను.

వాడు బరువుగా, వెచ్చగా ఉన్నాడు. చేతుల్లోకి తీసుకోగానే నా నవ్వంతా పోయింది. గుడి చుట్టూ తిరిగి రావడానికి నేను పడ్డ పాటు నాకే తెలుసు. తొట్టి దగ్గరికి వచ్చేసరికి జ్ఞానులు గుమ్మడికాయను తీసి పక్కన పెట్టారు. వాడిని చొప్పమీద పడుకోబెట్టాను. వాడు వెంటనే గుడి దద్దరిల్లేలా ఏడ్చాడు. ఢోలక్ అన్న ఆ ఏడుపుకే తాళం అందుకున్నాడు. అయ్యగారు బైబిలు తెరిచి, వదిలేసిన పుట్టుక అంతా గొంతెత్తి చదివారు. నంద్యాలలో కూడా నేను అంత మంచి క్రిస్మస్ చూడలేదు. సంతోషంగా ఉంది, దుఃఖంగా ఉంది, రెండూ ఒకేసారి ఒకే మనిషిలో పట్టాయి.

విందులో ఆ అమ్మాయి పట్టుబట్టి తన మొదటి విస్తరి ముందు నన్నూ కూర్చోబెట్టింది. అవ్వ వచ్చి నా పక్కన చతికిలబడింది. సంఘమంతా వినేలాగే అడిగింది.

"మీ పాప ఎట్లుండెనే తల్లీ?"

అంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. మా అమ్మ అడగలేదు, మా ఆయన అడగలేదు. వడ్డించేవాళ్లు గరిటెలు ఆపేశారు.

"జుట్టు ఒత్తుగా ఉండెను అవ్వా" అన్నాను. "నుదుటిమీదికి పడుతాండె. కుడి చెవి దగ్గర చిన్న సుడి."

అవ్వ శ్రద్ధగా విని, తల ఊపి, నా విస్తట్లో ఇంకో ముక్క వేసింది.

"సరేలే. నీకంటే ముందు ఆడికి పోయేది నేనే గదా. గుర్తుపడతాలే. నువ్వు వచ్చేదంకా నేను చూసుకుంటా. తిను."