పలమనేరులో మెకింటైర్ ఇంటిపేరు వాళ్ళు

1946 చలికాలంలో నేను తిరుపతి నుంచి పలమనేరుకు ప్రయాణం కట్టింది ఒక ఇంటిపేరు కోసం. నేను తిరుపతిలో నర్సుని. మా పెద్ద నర్సు జీన్ మెకింటైర్ స్కాట్లండు మనిషి. అందరం సిస్టర్ అనే పిలిచేవాళ్ళం. కాన్పుకు పుట్టింటికి వచ్చిన దానమ్మ అనే అమ్మాయి మా ఆసుపత్రిలో మగబిడ్డను కన్నది. మెట్టినింటి పేరేమిటని అడిగితే, "పలమనేరు మాకంటోళ్ళమమ్మా. చర్చిలో మెకింటైర్ అంటారు" అన్నది. సిస్టర్ చేతిలోని పళ్ళెం కింద పెట్టి అక్కడే కూర్చుండిపోయారు. ఆ పేరు మీకెలా వచ్చిందంటే దానమ్మకు తెలియదు. "మా మామకు తెలుసు. బిడ్డకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు మీరే రాండి, అడుగుదురు గానీ" అని పిలిచింది. వేసవిలోపు సిస్టర్ స్వదేశానికి వెళ్ళిపోతున్నారు. ఆమెకు తెలుగు వచ్చు గానీ పల్లె మాట వేగం అందదు. అందుకని నన్ను తోడు రమ్మన్నారు.

శనివారం పొద్దున్నే పాకాల మీదుగా చిత్తూరు వెళ్ళే రైలెక్కాం. చంద్రగిరి కోట కొండ మీద ఇంకా మంచు పట్టే ఉంది. చిత్తూరులో దిగి, భోజనం చేసి, పలమనేరు బస్సుకు మనిషికి పన్నెండణాలు ఇచ్చాం. పెట్రోలు దొరక్క బొగ్గు మండించి ఆ గ్యాసుతో నడుపుతున్న బస్సు అది. మొగిలి కనుమ మొదట్లోనే దగ్గడం మొదలుపెట్టింది. "దిగండప్పా, అందరూ దిగండి! బండికి ఊపిరాడలేదు. నడిచి రాండి, పైన ఎక్కించుకుంటా" అని డ్రైవరు కేక వేశాడు. సిస్టర్ కూడా లేవబోతే, "మీరు కూసోండి దొరసానమ్మా" అన్నాడు. "నేనూ బరువే కదా" అంటూ ఆమె దిగి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్న మా ఆడవాళ్ళతో పాటే కనుమ ఎక్కారు. పైకి చేరేసరికి గాలి చల్లబడింది. మధ్యాహ్నం వాలుతుండగా పలమనేరు చేరాం.

బస్సు దగ్గరికి దానమ్మ భర్త శామ్యూల్ వచ్చాడు. సిస్టర్‌కు దండం పెట్టాడే గానీ మొహం విప్పలేదు. ఆమె నాలుగడుగులు ముందుకు పోయాక నాతో మెల్లగా అన్నాడు: "అక్కా, ఆమె మీద నాకేం లేదు. ఆ పేరు మాత్రం రేపటితో ఆపేస్తా. నా బిడ్డకు పెట్టను."

"ఎందుకప్పా?"

"దొర పేరు మీకెట్లా వచ్చిందిరా, మీ ముత్తవ్వనడుగు అని నవ్వతారు. సిన్నప్పట్నించీ ఇంటానే ఉండా. నా కొడుకు ఇనగూడదు."

ఆ మాట సిస్టర్‌కు ఎలా చెప్పాలా అనుకుంటూనే వాళ్ళింటికి చేరాను. శామ్యూల్ తండ్రి డేవిడప్ప వాకిట్లో నాగలికి చిత్రిక పడుతున్నాడు. తండ్రీ కొడుకులిద్దరిదీ వడ్రంగమే. ఆయన మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, అడగకముందే మొదలుపెట్టాడు.

"పెద్ద కరువులో మా నాయన ఈ ఊరి దావలో పడిపోయి ఉండినాడంటమ్మా. ఐదారేండ్ల పిల్లోడు. అమ్మా నాయనా ఏమైనారో తెల్దు. చర్చి కట్టను వడ్రంగం పనికి వచ్చిన దొర, వడ్లదొర అంటారు ఆయన్ని, ఎత్తుకొనిపోయి గంజి పోసినాడు. ఆయనకు పెండ్లాం లేదు, బిడ్డల్లేరు. ఉలి పట్టను నేర్పించినాడు. బాప్తిస్మం నాడు, ఈ పిల్లోని తండ్రి పేరేమి అని పాదిరి అడిగితే, నా పేరే రాయండి అన్నాడంట. అట్లా మేం ఆ పేరోళ్ళమైనాం."

"ఊళ్ళో ఎవురూ నమ్మరు కదా నాయనా!" అన్నాడు శామ్యూల్, గోడకు ఆనుకుని.

"నవ్వేవాళ్ళు అడగరురా. అడిగినోళ్ళకి చెప్పినా."

సిస్టర్ నన్ను తెలుగు చేయమని, ఒక్కో మాటా ఆగి చెప్పారు. ఆ వడ్రంగి తనకు బంధువని చెప్పుకోలేనన్నారు. వాళ్ళ వైపు ఆ పేరు చాలామందికి ఉంది. పేరు పుట్టుక మాత్రం నానమ్మ దగ్గర విన్నారట. వాళ్ళ పాత భాషలో 'మాక్' అంటే కొడుకు, తక్కిన సగం వడ్రంగి. పూర్వం ఒకడు నడిసముద్రంలో పడవలో పోతుంటే అడుగున చెక్కమేకు ఊడి నీళ్ళు వచ్చాయి. చేతికి ఏమీ దొరక్క, తన బొటనవేలు నరికి ఆ రంధ్రంలో బిగించి అందరినీ కాపాడాడు. ఆ పడవలో ఉన్న వాళ్ళ నాయకుడు అతన్ని వడ్రంగి అని పిలిచాడు. అతని సంతతి వడ్రంగి కొడుకులైంది.

డేవిడప్ప ముందుకు వంగాడు. "బొటనేలు పోతే ఉలి యాడ పట్టుకుంటాడమ్మా?"

సిస్టర్ పకపకా నవ్వారు. "నేనూ మా నానమ్మను అదే అడిగాను. ఎడమచేతిది అంది."

"అదీ మాట!" అని ముసలాయన తృప్తిగా తొడ చరిచాడు.

శామ్యూల్ నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, "అక్కా, ఇంకోసారి అడుగు. ఆ పేరుకు దొర అని కాదా అర్థం?" అన్నాడు. అడిగాను. సిస్టర్ తెలుగులోనే నేరుగా అతనికి చెప్పారు: "కాదు నాయనా. వడ్రంగి కొడుకు."

అతను తండ్రి వైపు తిరిగాడు. "అయితే మా తాత వడ్లోని కొడుకే కదా నాయనా. కనకపోయినా సాకినాడు కదా."

డేవిడప్ప తలూపాడు. ఆయన కళ్ళు తడిశాయి. ఉలి తీసి మళ్ళీ పనిలో పడ్డాడు.

మరునాడు చర్చిలో బిడ్డ పేరేమని పాదిరి అడిగారు. "యోహాను మెకింటైర్" అన్నాడు శామ్యూల్, వెనక వరుసకు కూడా వినబడేట్టు. ఎవరో కిసుక్కుమన్నారు. అతను బిడ్డతోనే వెనక్కి తిరిగి, "వడ్లోని కొడుకు అని దానికి అర్థం. మేము వడ్లోళ్ళమే" అన్నాడు. మళ్ళీ ఎవరూ నవ్వలేదు. ప్రార్థన అయ్యాక బిడ్డను ఒక్కసారి ఎత్తుకుంటానని సిస్టర్ అడిగారు. శామ్యూలే ఆమె చేతుల్లో పెట్టాడు.

తెల్లవాళ్ళ పాలన పోవాలని అందరిలాగే నేనూ కోరుకున్నాను. సిస్టర్ కూడా, పోవలసినదే అనేవారు. కానీ తనకేమీ కాని బిడ్డకు తన పేరు రాయించిన ఆ వడ్రంగిని తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఊరు నవ్వినన్నాళ్ళూ ఆ పేరు వదలని డేవిడప్పను తలచుకున్నా అంతే. ఇంటిపేరు నెత్తురుతోనే వస్తుందని అంతవరకూ నా నమ్మకం. తిరుగు ప్రయాణంలో కనుమ దిగుతూ సిస్టర్ నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. వెళ్ళిపోయేముందు తనకు ఈ ఒక్క ప్రయాణం చాలన్నారు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: బొగ్గు బస్సులో వెనక వరుస ఖాళీగా ఉందని సంబరపడి కూర్చోకండి. బొగ్గు పొయ్యి ఉండేది ఆ వెనకే, దిగేసరికి తెల్లబట్ట నల్లబట్ట అవుతుంది. ముందు సీటు పట్టుకోండి, కనుమ పైన చలికి దుప్పటి ఒకటి వెంట తీసుకెళ్ళండి.