జత పడని గింజలు

మా ఆయన పేరు నగేష్. టైల్స్ మేస్త్రి. అశోక్ నగర్‌లో కోచింగ్ పిల్లల కోసం లేచిన హాస్టళ్లలో చాలా గదుల నేల ఆయన చేతులతో పరిచిందే. ఒక్కో టైలునూ ముందు పెట్టి చూసి, వెనక్కి జరిగి, తల వంచి మళ్లీ చూసి, అప్పుడు గాని సిమెంటు వేసేవాడు కాదు. తోటివాళ్లు గది పూర్తి చేసి బీడీ ముట్టించేసరికి ఈయన ఇంకా గుమ్మం దగ్గరే ఉండేవాడు. కాని ఆయన పరిచిన బాత్రూములో నీళ్లు ఎటు పోవాలో అటే పోయేవి. అందుకే పని ఆలస్యమైనా మళ్లీ ఆయన్నే పిలిచేవాళ్లు.

పనిలోనే కాదు, అన్నిట్లోనూ అంతే. చెప్పులు కొందామని నారాయణగూడ పోయి పాత చెప్పులతోనే తిరిగి వచ్చేవాడు. మా బిడ్డకు ఏ పేరు పెట్టాలో తేలక, బడిలో వేసేనాటికి గాని భాను అని ఖాయం చెయ్యలేదు. అప్పటిదాకా అది అందరికీ చిట్టే.

అలాంటి మనిషి మోటర్ సైకిల్ కొనాలనుకున్నాడు. ఆ మాట మా ఇంట్లో మొదటిసారి వినబడినప్పుడు భాను అయిదో తరగతి. బండి మా గల్లీలోకి వచ్చేసరికి దాని పదో తరగతి పరీక్షలు అయిపోయాయి.

కొనక తప్పని అవసరమే వచ్చింది. చిక్కడపల్లిలో, అశోక్ నగర్‌లో కట్టేవి కట్టడం అయిపోయింది. పనులు కొంపల్లికీ, బాచుపల్లికీ జరిగిపోయాయి. కోత మిషను, సుత్తె, బకెట్టు పట్టుకుని బస్సు ఎక్కితే కండక్టరు గొణిగేవాడు. దాంతో టైల్స్ మోసే ట్రాలీ ఆటో వెనక, ఆ డబ్బాల మీదే కూర్చుని పోవడం మొదలుపెట్టాడు. తాడు ఒక చేత్తో పట్టుకుని, మిషను ఒళ్లో పెట్టుకుని. పొద్దున ఆయన గల్లీ మలుపు తిరిగాక కూడా నేను గుమ్మంలో నిలబడే ఉండేదాన్ని. ఎందుకో లోపలికి పోబుద్ధి అయ్యేది కాదు.

సాయంత్రం పని నుంచి వస్తూ నారాయణగూడలో బండ్ల షోరూమ్ దగ్గర ఆగేవాడు. అద్దంలోంచి చూసేవాడు. అక్కడ సాయిచైతన్య అని ఒక పిల్లాడు బండ్లు అమ్మేవాడు. ఒకసారి నేనూ వెంట ఉన్నాను.

"అన్నా, లోపలికి రా. అద్దం మీద నీ ముక్కు మచ్చ తుడవలేక సస్తున్న," అన్నాడు.

"చూస్తున్న తమ్మీ. మొన్న ఇక్కడ నల్లది ఉండె గద?"

"అది ఆగిపోయిందన్నా. కంపెనోడే బంద్ చేసిండు. నువ్వు ఆలోచిస్తుండంగనే మూడు మోడళ్లు పోయినయ్."

"మంచిదే అయింది. అదే కొనుంటే పరేషాన్ అయితుంటి."

ఆ పిల్లాడు నా వైపు తిరిగి, "అక్కా, జర నువ్వన్న చెప్పు. అన్న కొనేవరకు పెట్రోలే ఉండది," అన్నాడు. నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. అయినా బండి మీద చెయ్యి వేసి, ఏదో జ్వరం చూసినట్టు చూసి, తీసేశాడు.

ఆలస్యమంతా ఆయనదే అనడానికి కూడా లేదు. సగం మా అత్తది.

మాది పాలమూరు దిక్కు. మా ఇళ్లల్లో పెద్ద పని ఏది తలపెట్టినా బీరప్ప ముందు గింజలు పట్టి అడుగుతాం. చాటలో జొన్నలు పోసి, పసుపు చల్లి, దీపం పెట్టి, మనసులో మాట దేవుడికి చెప్పుకుంటారు. చిటికెకు ఎన్ని వస్తే అన్ని గింజలు తీసి నేల మీద పెట్టి, రెండేసి చొప్పున పక్కకు జరుపుతారు. అన్నీ జత పడితే చెయ్యమన్నట్టు. ఒకటి ఒంటిగా మిగిలితే ఆగమన్నట్టు. గింజలు పట్టేది ఇంటి పెద్దామె ఒక్కతే. కోడలు ఇంకో ఇంటి దేవుడి దగ్గర పుట్టింది కాబట్టి ఆ చాట ముట్టకూడదు. ముడితే ఆ ఇంటి మగవాళ్లకు చేటు అంటారు. అది ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కర్లేదు. చిన్నప్పటి నుంచీ తెలిసిందే.

మా అత్త కురుమమ్మ బండి కోసం ఎన్నోసార్లు గింజలు పట్టింది. ప్రతిసారీ ఒకటి మిగిలింది.

"ఏమంటుండే అవ్వా?" అని ఆయన గడప అవతల నుంచే అడిగేవాడు.

"ఒంటిది మిగిలింది బిడ్డా. ఇప్పుడొద్దంటుండు."

"సరే తియ్యి. దీపావళికి కొత్తది వస్తదట. అప్పుడు చూద్దాం."

భాను పుస్తకంలోంచి తల ఎత్తి, "డాడీ, దేవుడు వద్దన్నందుకు ఏడ్వాలె. నువ్వేంది, సెలవు ఇచ్చినట్టు సంబరపడుతున్నవ్?" అనేది.

ఒకరోజు మధ్యాహ్నం అత్తా నేనూ చింతచిగురు ఏరుతున్నాం. ఇంట్లో ఎవరూ లేరు. ఆమె చేతులు ఆగాయి.

"చంద్రికా, గింజలు జతనే పడుతున్నయే. నేనే ఒకటి బొటనవేలు కింద పట్టి చాటల పడేస్తున్న."

నేను చేతిలోని చిగురు వదిలేశాను.

"తప్పు గాదా అత్తా?"

"తప్పే. నా తమ్ముడు మోపెడ్ కొన్న నెలల జడ్చర్ల మలుపుకాడ పోయిండు. వాని చెప్పు ఒక్కటే తెచ్చి మా అమ్మ చేతుల పెట్టిన్రు. అది కొనేముందు మా అమ్మ గింజలు పట్టింది. జత పడ్డయ్. దేవుడు పొమ్మన్నడు, వాడు పోయిండు. నా కొడుకును నేను పొమ్మన." చిగురులో పుల్ల ఒకటి తీసి పారేసి, "దేవునికి ఏం గావాల్నో నాతోని తీసుకోమను," అంది.

ఆ రోజు నుంచి ఆమె చాట ముందు కూర్చున్నప్పుడల్లా నా కళ్లు ఆ బొటనవేలు మీదే ఉండేవి. అది ఆయన ప్రాణాన్ని పట్టుకుని ఉన్నట్టే అనిపించేది.

ఎండాకాలం పోతూ పోతూ ఉండగా ఎంకయ్య సంగతి జరిగింది. ఎంకయ్యది మా ఊరే. ముషీరాబాద్‌లో ఉండేవాడు, మా ఆయనతో కలిసి పనికి పోయేవాడు. ట్రాలీ ఆటో గుంతలో పడింది. తాడు తెగి టైల్స్ డబ్బాలన్నీ ఒక్కసారిగా జారి ఎంకయ్య మీద పడ్డాయి. అతని పక్కనే కూర్చున్న మా ఆయన రోడ్డు మీదికి దుమికాడు. ఎంకయ్య దుమకలేకపోయాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

మా ఆయన ఇంటికి వచ్చేసరికి చొక్కా ముందంతా ఎండిపోయిన నెత్తురు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అత్త ఆ చొక్కా నా చేతికి ఇవ్వలేదు. తానే కుళాయి కింద కూర్చుని ఉతికింది. ఉతికినకొద్దీ ఉతికింది. మురిక్కాలువలో నీళ్లు తెల్లగా వస్తున్నా ఆపలేదు.

మర్నాడు ఆయన మళ్లీ ట్రాలీ ఆటోలోనే పోయాడు. ఇంకో దారి లేదు.

ఆయన వెళ్లాక అత్త స్నానం చేసి, చాట తీసి, దీపం పెట్టింది. నన్ను పిలిచింది.

"కూసో. నువ్వు పట్టు."

"నేనా? నేను ముట్టద్దు గదత్తా!"

"నా చెయ్యి పాడైంది. ఎన్నేండ్లు అబద్ధం ఆడిందో దానికే లెక్కలేదు. నేను పడితే అది మళ్ల అదే పని చేస్తది, నేను ఆపలేను. అటు బండి ఉంది, ఇటు ఆ ఆటో ఉంది. ఎటు తోలాల్నో నాకు తెలుస్తలేదు. ఒక్కసారన్న నిజంగ అడగాలె. పట్టు బిడ్డా."

బయట కూరగాయల బండివాడి కేక వినబడుతోంది. నేను గింజలు పట్టాను. నేల మీద పెట్టాను. అత్త వాటిని ముట్టుకోకుండా చేతులు వెనక్కి పెట్టుకుంది. నేనే రెండు రెండు జరిపాను. చివరికి ఏమీ మిగల్లేదు.

ఇద్దరం ఖాళీ నేల వైపు చూస్తూ కూర్చున్నాం. దీపం ఆరిపోతే మళ్లీ వెలిగించాలని కూడా తోచలేదు.

సాయంత్రం ఆయన రాగానే అత్త, "జత పడ్డయ్ రా," అంది. ఎవరు పట్టారో చెప్పలేదు.

ఆయన నిలబడిపోయాడు. ఇన్నేళ్లూ చూసిన మనిషి, అడిగిన మనిషి, సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతి బండివాణ్ణీ "అన్నా, లీటరుకు ఎంతిస్తుంది?" అని ఆపిన మనిషి, మర్నాడు షోరూముకు పోయి సాయిచైతన్య ముందుకు తోసిన బండినే "ఇదే" అన్నాడు. రంగు కూడా అడగలేదు.

"అన్నా, ఒంట్ల బాగుందా? జర ఆలోచించుకో," అన్నాడు ఆ పిల్లాడు.

"ఆలోచించేది అయిపోయింది తమ్మీ."

చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి ముందు పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ముందుది చితికింది. వెనకది చితక్కుండా పక్కకు దొర్లిపోయింది. పూజారి పట్టించుకోలేదు. అత్త మాత్రం వంగి దాన్ని తీసి, కాలితో గట్టిగా తొక్కింది.

ఆ కొన్నాళ్లూ ఆయన సంతోషంగా ఉన్నాడు. అది నిజం, దాచను. ఆదివారం నన్ను వెనక కూర్చోబెట్టుకుని ముషీరాబాద్ చేపల మార్కెట్‌కు తీసుకుపోయాడు. పిల్లలు, ముసలివాళ్లు, స్కూటీ మీద ఆడవాళ్లు, అందరూ మమ్మల్ని దాటిపోయారు. పసుపు లైటు పడితే అందరూ దూసుకుపోతారు. ఆయన ఆగుతాడు. పోదామా ఆగుదామా అని కాళ్లు రెండూ కింద పెట్టి అటూ ఇటూ చూస్తాడు. వెనక హారన్లు మోగుతాయి.

"అందరు పోతుండ్రు గద, మీరెందుకు ఆగుతరు?" అన్నాను.

"పోతరు. చూసి పోవాలె గదనే."

నేను వెనక్కి తిరిగి చూశాను. ఒక బస్సు ముందు అద్దం నా నెత్తికి ఆనినట్టే ఉంది. ఆయన భుజం గట్టిగా పట్టుకున్నాను. ఆ తరువాత ఎప్పుడు ఆ బండి ఎక్కినా నా వీపు చల్లబడేది.

వానలు మొదలైన వారంలోనే అయింది. పొద్దున నారాయణగూడ ఫ్లైఓవర్ దిగి వస్తున్నాడట. వీపుకు మిషను కట్టుకుని ఉన్నాడు. కింద సిగ్నల్ పసుపు పడింది. ముందువాళ్లందరూ పోయారు. ఈయనా కొంచెం ముందుకు పోయాడు. పోయి, ఏమనుకున్నాడో, ఆగాడు. వెనక నీళ్ల ట్యాంకరువాడు ఈయన కూడా పోతాడనే అనుకున్నాడు. చాయ్ దుకాణం ఆయన చూసి చెప్పాడు. "పోయుంటే బతుకుతుండె అమ్మా. మొదలే ఆగినా బతుకుతుండె. నడుమ ఆగిండు," అన్నాడు.

మా ఆయన దినానికి మా వదిన బీరమ్మ ఊరి నుంచి వచ్చింది. ఆయనకు అక్క, అత్తకు పెద్ద బిడ్డ. మా పాలివాళ్లు, పెద్దమనుషులు కూడా వచ్చారు. అన్నాలకు ముందు గల్లీలో వేసిన షామియానా కింద అందరూ కూర్చున్నారు. నేను మూలన ఉన్నాను.

బీరమ్మ ఏడ్చి ఏడ్చి, ఉన్నట్టుండి ఆగింది.

"అవ్వా, నాకొక్కటి చెప్పు. ఎన్నేండ్ల సంది ఒంటిగింజ ఇచ్చిన దేవుడు ఒక్కపారే జత ఎట్లిచ్చిండు? ఆ దినం గింజలు ఎవలు పట్టిన్రు?"

అందరి తలలూ మెల్లగా నా దిక్కు తిరిగాయి. భాను నా చెయ్యి పట్టుకుంది. చెప్పడానికే లేవబోయాను.

"నేనే పట్టిన," అంది అత్త. "ఈ ఇంట్ల ఇంకెవలు పడుతరు?"

"నిజం చెప్పు."

"చెప్పిన గదనే. నా చెయ్యే. నా కొడుకును నేనే పొమ్మన్న."

పెద్దమనుషుల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "కురుమమ్మా, ఏమనుకోకు. ఇగ నీ చేతుల సత్యం లేదు. దేవుని చాట నీ దగ్గర ఉండొద్దు."

ఆమె ఏమీ అనుకోలేదు. లేచి లోపలికి పోయి, చాట, పసుపు సంచి తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఇంటి దేవుణ్ణి ఇచ్చేసిన ఆడదాన్ని నేను అంతకు ముందు చూడలేదు.

"తీస్కపోండ్రి," అంది. తరువాత నా వైపు చూడకుండానే, "చంద్రికా, ఆకులు వెయ్యి. దూరం నుంచి వచ్చినోళ్లు ఆకలి మీద ఉన్నరు," అంది.

నేను లేచి ఆకులు వేశాను.