చాంద్‌బీ గంగాళం

చాంద్‌బీ గారికి మనిషి ముఖంతో పనిలేదు, చేతులు కనిపిస్తే చాలు. గుంటూరు మిర్చి యార్డుకు కూతవేటు దూరంలో ఉన్న ఆధునిక చిత్రకళా మ్యూజియానికి ఆవిడ ద్వారపాలకురాలు. ఎవరొచ్చినా ఆవిడ నోట మొదటి మాట ఒకటే: "చేతులు పట్టండి." పక్కనే ఇత్తడి గంగాళం. ముందు అరచేతిలో కొబ్బరినూనె, తర్వాత శనగపిండి, ఆపైన రెండు చెంబుల నీళ్లు. ఈ మూడూ పూర్తయితే తప్ప గడప దాటనివ్వదు. ఇదంతా కోపంగానే చేస్తుంది.

"ఇప్పుడే శానిటైజర్ రాసుకున్నానమ్మా," అన్నారొక డాక్టరు గారు.

"మీరు ఆపరేషన్ చెయ్యడానికి రాలేదు కదండీ. పట్టండి."

ఒకసారి హైదరాబాదు నుంచి పేరున్న చిత్రకారుడొకాయన తన బొమ్మను ఎక్కడ తగిలించారో చూసుకుందామని వచ్చాడు. "అది నేను వేసిన బొమ్మేనమ్మా," అని ఎంతో వినయంగా చెప్పుకున్నాడు.

"అయితే ముట్టుకోవాలన్న యావ మీకే ఎక్కువుంటది. పట్టండి."

ఈ పద్ధతికి అందరికంటే ఎక్కువ బలైనవాడు క్యూరేటర్ శ్యామ్ సుందర్. కళా చరిత్రలో డాక్టరేటు చేసిన మనిషి. పొద్దున రాగానే ఒకసారి, భోంచేసి వచ్చాక ఒకసారి, టీ తాగి వచ్చినప్పుడల్లా ఒకసారి. ఒకనాడు లెక్కపెట్టుకుంటే ఏడుసార్లు తేలింది. చొక్కా మణికట్ల దగ్గర శనగపిండి చారలు చాకలికి కూడా లొంగడం మానేశాయి.

"బొమ్మలన్నీ అద్దాల వెనకున్నాయి. అద్దం లేనివాటికి తాడు కట్టాం. ఎవరి చేతులు ఎలా ఉంటే ఏమిటి చాంద్‌బీ గారూ?" అని ఆయన మండిపడ్డాడు.

"ఆ అద్దాలు మీరు తుడుస్తున్నారా సార్?"

కళా చరిత్ర డాక్టరేటు మళ్లీ చేతులు పట్టింది.

అసలు ముప్పు కమిటీ చైర్మన్ కోటిలింగం గారి పట్టు లాల్చీతో వచ్చింది. పత్తి జిన్నింగు మిల్లుల యజమాని. గోడల మీది బొమ్మల్లో సగం ఆయన కొనిచ్చినవే. బెంగుళూరు అతిథులను వెంటబెట్టుకొచ్చినప్పుడు లాల్చీ మీద నూనె చుక్కలు పడ్డాయి. చుక్కలు మూడే, కోపం మాత్రం గంగాళమంత.

"వచ్చే ఆదివారం మళ్లీ వస్తున్నా. మనిషి మనిషికీ ఈ అభిషేకం ఇంకా జరుగుతుంటే ఆవిడ ఉద్యోగం ఉండదు, చెప్తున్నా," అని వెళ్లిపోయాడు.

శ్యామ్ సుందర్‌కు చాంద్‌బీ మీద కోపమే కాని, ఆవిడ లేని గుమ్మాన్ని ఊహించుకోలేకపోయాడు. రెండు రోజులు ఆలోచించి శాస్త్రీయమైన మధ్యేమార్గం కనిపెట్టాడు. ప్రమాదం మిరప ఘాటు అంటిన చేతులతోనే గనుక కడుక్కోవలసినది ఆ చేతులవారే. "మిరపకాయల పని చేయువారు మాత్రమే ఇక్కడ చేతులు కడుక్కొనవలెను" అని బోర్డు రాయించి గంగాళం పైన తగిలించాడు.

చాంద్‌బీ బోర్డును పైనుంచి కిందికి చదివింది. "మంచిదయ్యా," అంది. అంతే. తిట్టలేదు. శ్యామ్ సుందర్‌కు భయం వేసింది.

ఆదివారం ఆయనకు సెలవు. చైర్మన్ కోసం ఆ వారం మాత్రం వచ్చి కూర్చున్నాడు. చాంద్‌బీ చేతులు కట్టుకుని స్టూలు మీద ఉంది. జనం పొడి చేతులతో హాయిగా లోపలికి పోతున్నారు.

మూడింటికి ఎనిమిదిమంది ఆడవాళ్లు మెట్లెక్కారు. కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయలకు తొడిమలు తీసేవాళ్లు. వాళ్లకు తీరిక దొరికేది ఆ ఒక్కపూటే. ముందున్న వెంకటేశ్వరమ్మ బోర్డును కూడబలుక్కుంటూ పైకే చదివింది. వెనకొస్తున్న ఒక సందర్శకురాలు ఆ మాట విని, వాళ్ల వంక చూసి, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని పక్కకు జరిగింది. వెంకటేశ్వరమ్మ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

"పదండే. మనకెందుకొచ్చిన బొమ్మలు," అంటూ వెనక్కి తిరిగింది.

"పిలవరేం చాంద్‌బీ గారూ?" అన్నాడు శ్యామ్ సుందర్.

"ఏమని పిలవమంటారు? మ్యూజియం తెరిచిన కొత్తల్లో వీళ్లు ఇట్టాగే వచ్చారు. లోపలున్నోళ్లు తుమ్మి, ముక్కులు మూసుకుంటే మెట్ల మీదనుంచే వెనక్కి పోయారు. మర్నాడు నేను గంగాళం పెట్టా. తొడిమలు తీసిన చేతికి సబ్బు చాలదు, నూనె పడాల. పదేళ్లు తీశా, నాకు తెలుసు. వీళ్లొక్కళ్లవే కడుగుతానంటే వస్తారా? అందుకని వచ్చిన పెద్దోళ్లందరి చేతులూ కడిగా. మీ బొమ్మలకేం కాదని నాకూ తెలుసులెండి."

శ్యామ్ సుందర్‌కు ఆ ఏడాది మొత్తంలో రానంత కోపం వచ్చింది. ఈసారి ఆ కోపం తన మీద. బోర్డును మేకుతో సహా పీకేశాడు. గేటుదాకా పరుగెత్తి, "అమ్మా, అది తప్పు రాత. అందరూ కడుక్కోవాలి, ముందు నేను," అని వాళ్లను బతిమాలి తీసుకొచ్చి, గంగాళం ముందు నిలబడి దోసిలి పట్టాడు.

సరిగ్గా అప్పుడే కోటిలింగం గారి కారు ఆగింది.

"ఏమయ్యా, నేను చెప్పిందేమిటి, నువ్వు చేస్తున్న..." అని ఆయన చేతులు చాచి కేకవేసేసరికి, చాచిన చేతుల్లో నూనె పడింది. నూనె పడ్డాక మనిషి చేయగలిగేది తక్కువ. వేలు చూపించి బెదిరించలేడు, ఫోను తీయలేడు, పట్టు లాల్చీకి తుడుచుకోనూలేడు. కోపమంతా ముఖంలోనే ఉంచుకుని, చేతులు ప్రసాదానికి చాచినట్టు పెట్టుకుని నిలబడ్డాడు.

"గోళ్ల సందుల్లో కూడా రుద్దండయ్యా," అంది పక్కనే పిండి రుద్దుకుంటున్న వెంకటేశ్వరమ్మ.

ఆయన రుద్దాడు.

లోపల ఎర్రటి పెద్ద బొమ్మ ముందు వెంకటేశ్వరమ్మ ఆగిపోయింది. యార్డులో మిరప రాశులు. కోటిలింగం గారు ఏరికోరి కొన్నది.

"ఎవరండీ ఇది వేసింది? ఇంత రాశిలో తెల్లబడ్డ తాలుకాయ ఒక్కటీ లేదు. యార్డు మొహం చూసినోడు కాదు."

"ఒక్కటీ లేదా?" అన్నాడు కోటిలింగం గారు మంటగా. "సరిగ్గా చూడమ్మా. నేను పెట్టిన డబ్బుకు ఒక్కటన్నా ఉండాలే."

"మీరే చూపించండి."

ఇద్దరూ ముక్కులు అద్దానికి ఆనించి మూల మూలా వెతికారు. అరగంట వాదించుకున్నారు. గంగాళం మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

గుమ్మం దగ్గర్నుంచి చాంద్‌బీ కేక వినిపించింది. "వెంకటేశ్వరమ్మా, తిట్టేదేదో అద్దానికి దూరాన్నుంచి తిట్టు. చైర్మన్ గారూ, మీక్కూడా అదే మాట."