అమ్మ పేరు కొట్టిన పళ్ళెం

నిన్న చర్చిలో ప్రేమవిందుకు అమ్మ స్టీలు పళ్ళెం పట్టుకెళ్ళాను. అంచున చుక్కలు చుక్కలుగా 'సుగుణమ్మ, విడవలూరు' అని పేరు కొట్టించి ఉంటుంది. "ఏందక్కా, పేపర్ ప్లేట్లుండగా పళ్ళెం మోసుకొచ్చినావు?" అని పక్కింటి మేరీ నవ్వింది. ఆ ప్లేట్లేమో సముద్రపు గాలికి లేచి కాలవలో పడతా ఉన్నాయి.

మన చిన్నప్పుడు విందంటే ఎవరి పళ్ళెం వాళ్ళదే, గుర్తుందా? కడిగేచోట అన్నీ కలిసిపోయేవి. సాయంత్రం పేర్లు చూసుకుంటూ ఎవరివి వాళ్ళకిచ్చేదానికి వీధంతా తిరిగేవాళ్ళం. నేను అక్షరాలు కూడబలుక్కుంది పలక మీద కాదబ్బా, ఆ పళ్ళేల మీద! పర్యావరణం అనే మాట మా అమ్మకి తెలియదు. కానీ విందయ్యాక చర్చి వెనక చెత్తకుప్ప ఉండేది కాదు. గర్వంగానే చెప్తున్నా.

నిన్న కడిగేచోట నా పళ్ళెమూ కనబడకుండా పోయింది. దిగులుతో రాత్రి సరిగా అన్నం కూడా తినలేదు. ఈ పొద్దున మేరీ వచ్చి, "తోమేదానికి తెచ్చిన చర్చి గిన్నెల్లో కలిసి మా ఇంటికొచ్చిందక్కా" అని చేతికిచ్చింది. తళతళలాడేట్టు తోమింది. దాని కింద ఇంకో పాత పళ్ళెం ఉంది.

"ఇది మా అమ్మది. రాత్రి అటక మీద నుంచి దించినా. పేరు అరిగిపోయిందక్కా. వచ్చే విందుకి ముందే మళ్ళీ కొట్టించాల, అంగడికి వస్తావా?"