జెత్రో ఆల్డస్ తెల్లగోడ

జెత్రో ఆల్డస్ నా కొట్టుకు వచ్చింది బకెట్టు కోసం, పటం కోసం కాదు. ఈ ముక్క ముందే చెప్పాలి. ఎందుకంటే ఆ తర్వాత జరిగినదాంట్లో తప్పంతా నాది.

అప్పటికి ఆయనకు నలభై దాటాయి. తల్లి పోయి ఏడాదయింది. ఊరికి రెండు మైళ్ల అవతల, సముద్రం అంచున మట్టిగట్టు మీద, తారు పూసిన నల్లటి చెక్కల ఇంట్లో పదకొండు కోళ్లతో ఉండేవాడు. బీట్‌దుంపల పొలాల్లో కూలి పని. పొలంలో మనిషికీ మనిషికీ మధ్య ఒక సాలు ఎడం ఉంటుంది. జెత్రో రెండు సాళ్లు వదిలి నిలబడేవాడు. పబ్బుకు వస్తే అరగ్లాసు బీరు, అదీ తలుపు పక్కన నిలబడి తాగేసి వెళ్లిపోయేవాడు. పలకరిస్తే గాలి ఎటునుంచి వీస్తోందో చెప్పేవాడు, అంతే.

నా పేరు ఫ్రాన్సిస్, నాది పాత సామాన్ల కొట్టు. కాన్వెంటులో సిస్టర్లు అబద్ధానికొక దెబ్బ చొప్పున స్కేలుతో నా వేళ్లు వాయించారు గానీ, ఆ వైద్యం నాకు పట్టలేదు. విరిగిన గడియారాన్ని కూడా ఏదో ఒక రాణిగారి పుట్టింటి కథ చెప్పి అంటగట్టేవాణ్ణి.

ఆ రోజు బల్ల మీద ఒక పాత సముద్ర పటం పరిచి ఉంది. మూడువందల ఏళ్ల కిందట నథానియెల్ క్రేక్ అనే ఆయన అచ్చు వేసింది. ఇంగ్లీషు సముద్రాన్ని ఇంగ్లీషువాడే గీయాలని పంతం పట్టిన తొలివాళ్లలో ఒకడు. పటాలు అచ్చు వేసే డచ్చివాళ్ల పాత రాగిరేకులు కొని, వాళ్ల పేరు గీకేసి తన పేరు చెక్కుకున్నాడని గిట్టనివాళ్లు అంటారు. నీళ్లలో బారల లెక్కన లోతులు, ఇసుక దిబ్బలకు చుక్కలు, ఒడ్డున మా చర్చి గోపురం, దాని ముందు గోరంత ఇల్లు. ఆ పక్కన సన్నటి అక్షరాలు: తెల్ల ఇంటిని గోపురం కిందికి తెచ్చుకుని వచ్చువారికి ఐదు బారల నీరు. అంటే ఇల్లూ గోపురమూ ఒకే వరసలో కనపడేలా ఓడ నడిపితే అడుగు తగలదని.

జెత్రో ఆ ఇంటి మీద వేలు పెట్టాడు. "ఇదెవరిది?"

"నీదే కదయ్యా!"

"మాది నల్లది."

"ఇప్పుడు నల్లది. మీ ముత్తాత ఎవడో పిసినారి సున్నం మానేసి తారు పూసుంటాడు. పాపం, ఎన్ని ఓడలు దారి తప్పాయో!"

ఆయన నవ్వలేదు. పన్నెండు కోడిగుడ్లు బల్ల మీద పెట్టి, పటం చుట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు, మర్చిపోయిన బకెట్టు కోసం. సున్నం ఎక్కడ దొరుకుతుందని కూడా అడిగాడు.

వారం ఆగి పబ్బులో నిజం చెప్పి నలుగురినీ నవ్విద్దామనుకున్నాను. ఈలోగా ఓసారి అటు వెళ్లాను. సముద్రం వైపు గోడంతా కళ్లు చెదిరే తెలుపు. జెత్రో నిచ్చెన చివరన ఉన్నాడు, జుట్టులో సున్నం.

"నిచ్చెన పట్టుకో అబ్బాయ్, ఊగుతోంది. కింద ఒడ్డు వెంట దూరం పోయి చూశాను. మైలు దూరం నుంచి కూడా కనపడుద్ది. ఇన్నేళ్లూ ఓడలవాళ్లు మా ఇంటికోసం చూసుంటారు, మేం నల్లగా కూర్చున్నాం."

ఆయన నోట ఒక్క గుక్కలో అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. నిచ్చెన పట్టుకున్నాను.

అలా ఇరవై ఆరేళ్లు పట్టుకున్నాను. ప్రతి మే నెలలో ఒక రోజు. మధ్యాహ్నం గోడ నీడలో రొట్టె, జున్ను, ఊరబెట్టిన ఉల్లిపాయ. ఏడాదిలో మిగతా రోజులు ఆ ఇంటికి ఎవరూ వెళ్లేవారు కాదు. తపాలా మనిషి కూడా ఎన్నికలప్పుడే వెళ్లేవాడు. దూరాన ఓడ పోతుంటే జెత్రో టోపీ సర్దుకుని గోడ పక్కన నిలబడేవాడు, ఇల్లు చూసినవాళ్లకు ఇంటి మనిషీ కనిపించాలి కదా అన్నట్టు. ఏ ఓడా కూత వేయలేదు. ఆయన ఎదురుచూసినట్టూ లేదు.

మా తీరంలో సముద్రం మట్టిగట్టును కొరుక్కు తింటుంది. కొన్నేళ్లు అడుగు, కొన్నేళ్లు పది గజాలు. ఆ చివరి చలికాలం ఒక్క తుపానుకే కోళ్లగూడు, కంచె, నీళ్లతొట్టి వెళ్లిపోయాయి. తెల్లగోడకూ గట్టు అంచుకూ మధ్య ఏడు గజాలు మిగిలాయి. ఊళ్లో చిన్న ఇల్లు ఒకటి చూపిస్తామని కౌన్సిల్ మనిషి వచ్చాడు.

"ఆల్డస్ గారూ, ఇంకో పెద్ద గాలి వస్తే మీరు మంచంతో సహా కిందికి పోతారండీ."

"గోడ నేను చూసుకోవాలి. పటంలో ఉంది," అన్నాడు జెత్రో.

కౌన్సిల్ మనిషి నా కొట్టుకు వచ్చి తల పట్టుకున్నాడు. అప్పుడిక నేను వెళ్లక తప్పలేదు. జెత్రో పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. చలికని లోపలికి తెచ్చిన కోళ్లు బల్ల కింద ముడుచుకున్నాయి.

"జెత్రో, ఒక మాట చెప్పాలి."

"నీకు ఒక మాటతో ఎప్పుడు సరిపోయింది?"

"పటంలో ఇల్లు నీది కాదు. క్రేక్ కాలానికి నీ ఇంటి చోట గొర్రెలు మేసేవి. ఆ తెల్ల ఇల్లు ఇక్కడికి అరమైలు అవతల ఉండేది. ఎప్పుడో సముద్రం మింగేసింది. నేను ఊరికే సరదాకి అన్నాను."

ఆయన పొయ్యి వైపే చూశాడు. కెటిల్ మరిగి మరిగి మూత కొట్టుకుంటున్నా లేవలేదు.

"మరి ఇరవై ఆరేళ్లు నిచ్చెన ఎందుకు పట్టుకున్నావు?"

"చెప్పలేక."

లేచి కెటిల్ దించి, "ఆ కౌన్సిల్ వాళ్ల ఇంట్లో కోళ్లకి చోటుంటుందా?" అన్నాడు.

శుక్రవారం బండి మీద సామాను తెచ్చాం. పదిహేను రోజులు తిరక్కుండా, పట్టపగలే, ఇల్లు ముందుకు వంగి గట్టుతో పాటు పడిపోయింది. మనిషి బతికాడు. నేను చేసిన మంచిపని అదొక్కటే అనుకున్నాను.

ఏప్రిల్‌లో స్మై అని ఒడ్డుదగ్గర చేపలు పట్టేవాడు నా కొట్టులోకి విసురుగా వచ్చాడు.

"ఆ తెల్ల ఇల్లేదయ్యా? నీళ్లలో దించిన నా ఎండ్రకాయల బుట్టలు దొరకట్లేదు!"

"నీ బుట్టలకీ ఆ ఇంటికీ ఏం సంబంధం?"

"ఏం సంబంధమా? ఆ గోడని గోపురం కిందికి తెచ్చుకుంటే బుట్టలు సరిగ్గా పడవ కిందే ఉండేవి. మా పడవలోళ్లందరి గుర్తూ అదేగా, ఇరవై ఏళ్ల నుంచీ. ఇప్పుడు గుడ్డోళ్లలా తిరుగుతున్నాం."

నేను కొట్టు మూయకుండానే పరుగెత్తాను. జెత్రో తన కొత్త గదిలో కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా పక్కింటివాళ్ల బొగ్గుల కొట్టం. నేను ఆయాసపడుతూ అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"బాగుంది," అన్నాడు. "ఎండ్రకాయల ముక్క మరీ బాగుంది."

ఆదివారం స్మైని వెంటబెట్టుకు వెళ్లాను. స్మై టోపీ తీసి చేతిలో పట్టుకుని అదే మాట చెప్పాడు, ఆ గోడకి తామంతా దణ్ణం పెట్టుకోవాల్సిందన్నాడు. జెత్రో ఆయన్ను మర్యాదగా కూర్చోబెట్టి టీ పోశాడు.

"ఫ్రాన్సిస్ నీకెన్ని గ్లాసులు పోయించాడు అబ్బాయ్?"

స్మై మొహం ఎర్రబడింది. టీ ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు. జెత్రో నా మీద కోపం చూపలేదు. ఆ తర్వాత కూడా నేను వెళ్తే కుర్చీ జరిపేవాడు, గాలి ఎటు వీస్తోందో చెప్పేవాడు. నేనేం చెప్పినా తల ఊపేవాడు. ఒక్క ముక్కా నమ్మేవాడు కాదు.

మరో మూడు చలికాలాలు గడిచాక పోయాడు. శవపేటిక మోయడానికి అడక్కుండానే ఆరుగురు పడవలవాళ్లు వచ్చారు, వేటకు పోయే ఆటు సమయాన్ని వదులుకుని మరీ. చర్చిలో ఇంకెవరూ లేరు, నేనూ పాదిరీ గారూ తప్ప. జెత్రో లేచి చూసి ఉంటే, వీళ్లందరికీ బీరు పోయించింది నేనేనని అనుకునేవాడు.