వరుసలో నిలబడ్డ డబ్బాలు

ఆ రోజుల్లో, అంటే యుద్ధం ఎక్కడో జరుగుతుంటే దీపాలకు పోసే గ్యాసునూనె మాత్రం మా ఇంట్లో అయిపోతున్న రోజుల్లో, నన్ను నేను గొప్ప వ్యంగ్య చిత్రకారుణ్ణి అనుకునేవాణ్ణి. ఇరవై ఏళ్లు నిండాయో లేదో, పంజగుట్ట దగ్గర ఒక అద్దె ఇంట్లోంచి వచ్చే తెలుగు వారపత్రికలో వారానికొక బొమ్మ గీసే పని దొరికింది. (పత్రికను ఎంతమంది చదివేవారని అడక్కండి. మా అమ్మ అడిగితేనే చెప్పలేదు.) మా సంపాదకుడు కోస్తా నుంచి వచ్చిన మనిషి. నశ్యం పీలుస్తూ నాకెప్పుడూ ఒకటే పాఠం చెప్పేవారు. "వార్త ఏడిపించేదైతే బొమ్మ నవ్వించాలయ్యా. నవ్వు ఆగాక మనిషి ఆలోచనలో పడాలి." అందులో మొదటి సగం నాకు బాగానే వంటబట్టింది. రెండో సగం వంటబట్టడానికి మా ఖాలా డబ్బా కావలసివచ్చింది.

ఖాలా అంటే అమీర్‌పేటలో మా పక్కింటి ముసలమ్మ. అమ్మ ఆమెను అక్కా అనేది, మేం పిల్లలం ఖాలా, అంటే పెద్దమ్మా, అనేవాళ్లం. మేం చర్చికి, వాళ్లు మసీదుకు పోయినా, నూనె కోసం మాత్రం అందరం సర్కారు రేషనిచ్చే ఒకే కంట్రోలు దుకాణానికి పోయేవాళ్లం. అది ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. అందుకని ఆడవాళ్లు పొద్దున్నే తమ డబ్బాలను దుకాణం ముందు వరుసలో పెట్టి ఇంటి పనులకు వెళ్లిపోయేవాళ్లు. డబ్బా ఉంటే మనిషి ఉన్నట్టే. ఒకరి డబ్బాను ఇంకొకరు జానెడు కూడా జరిపేవారు కాదు. ఖాలాకైతే ఈ పద్ధతే ప్రాణం. ఆమె భర్త పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. ఆయన్ను గంటకోసారి పక్కకు తిప్పాలి, చెంచాతో నీళ్లు పట్టాలి. డబ్బాను ఎండలో నిలబెట్టి ఆమె ఇంటికి పరుగెత్తేది.

నేను రోడ్డు అవతల వేపచెట్టు కింద కూర్చుని ఈ వరుసను చూశాను. చూస్తే ఏముంది, ప్రతి డబ్బా దాని యజమానిలాగే ఉంది! మా అమ్మ డబ్బాకు గరాటు తగిలించి, నోరు తెరిచి కీర్తన పాడుతున్నట్టు గీశాను. ఖాలా డబ్బాకు నడుము దగ్గర పెద్ద సొట్ట ఉండేది. దాన్ని ఇంకాస్త వంచి, చేతికి కర్ర కూడా ఇచ్చాను. సంపాదకుడు నశ్యం ఒలికిపోయేలా నవ్వారు. అమీర్‌పేట అంతా నవ్వింది. చదువు రానివాళ్లు కూడా ఎవరి డబ్బా ఏదో గుర్తుపట్టి చూపించుకున్నారు. నేను రెండు రోజులు భూమికి జానెడు ఎత్తున నడిచాను.

మూడో రోజు ఆ పత్రిక కంట్రోలు దుకాణం గుమాస్తా కంటపడింది. ఎప్పుడూ షేర్వాణీ, టోపీలోనే ఉండేవాడు కాబట్టి మేం ఆయన్ను షేర్వాణీ సాబ్ అనేవాళ్లం. తన దుకాణాన్ని ఊరంతా నవ్వులపాలు చేసిందని ఆయనకు మండింది. "యే క్యా తమాషా హై? ఇగ డబ్బా గిబ్బా నడ్వది. మనిషే నిలబడాలె!" అని అరుస్తూ డబ్బాలన్నింటినీ కాలితో పక్కకు నెట్టేశాడు. ఆ మధ్యాహ్నం ఖాలా ఎండలో నిలబడి ఉండగా, ఇంట్లో ఆ ముసలాయన దాహంతో గోడను చేత్తో కొట్టాడట. మా అమ్మ విని పరుగెత్తింది.

సాయంత్రం అమ్మ పత్రికను నా ముందు పెట్టింది. "నవ్వొచ్చింది బిడ్డా, అబద్ధమెందుకు. గని నవ్వినంక జూస్తే నువ్వు నవ్వింది మమ్మల్నేనాయె. నూనె ఇయ్యనోని బొమ్మ ఏదిరా ఇండ్ల?"

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాటి నుంచి ఖాలా డబ్బా పట్టుకుని వరుసలో నేనే నిలబడ్డాను. ఆమె వద్దంది. "ఫికర్ నక్కో బేటా, నాకు అలవాటే" అంది. ఆ మాటతో నాకు ఇంకా సిగ్గేసింది. (ఆడవాళ్ల మధ్య ఒక్కణ్ణే మగవాణ్ణి. "బొమ్మల పంతులు తానే బొమ్మయిండు" అని వెనక నుంచి వినిపించేది. నాకు తగిన శాస్తే.) నాలుగో రోజు ముందువరకూ జరిగి, మొదటిసారి దుకాణం లోపలికి చూశాను. బల్ల మీద టోపీ ఉంది. కుర్చీకి షేర్వాణీ తగిలించి ఉంది. లోపల మనిషి లేడు. చాయ్ తాగడానికి పోయి అప్పటికే రెండు గంటలైందట. వేపచెట్టు కింద నుంచి ఈ కుర్చీ నాకు కనిపించనే లేదు.

ఆ వారం గీసిన బొమ్మలో బయట మనుషులు చెమటలు కక్కుతూ నిలబడ్డారు, లోపల కుర్చీలో ఖాళీ షేర్వాణీ, దాని మీద టోపీ దర్జాగా కూర్చున్నాయి. పక్కకు నెట్టేసిన సొట్టడబ్బా కర్ర ఎత్తి అడుగుతోంది: "సాబ్, మీరు సుత నా లెక్కనేనా?" సంపాదకుడు ఈసారి నవ్వలేదు. కళ్లజోడు తీసి చాలాసేపు చూశారు. "ఏంటయ్యా, నన్ను జైలుకు పంపుతావా ఏంటి?" అన్నారు. ఆ తర్వాత ముక్కుతో చిన్నగా నవ్వి అచ్చుకు ఇచ్చేశారు.

జైలు గొడవ రాలేదు. పై అధికారి ఎవరో వచ్చి కుర్చీని చూసిపోయాడని మాత్రం చెప్పుకున్నారు. షేర్వాణీ సాబ్ షేర్వాణీలోకి తిరిగివచ్చాడు. ఒక పొద్దున, ఎవరి ముఖమూ చూడకుండా, "రఖో, డబ్బాలు పెట్టుకోండ్రి" అన్నాడు.

నెల తిరక్కముందే ఖాలా భర్త పోయాడు. నలభై రోజులు గడిచాక ఆమె మా ఇంటికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "గా పొద్దు డబ్బా లైన్ల నిలబడ్డది బేటా. నేను ఆయన కాడ కూసున్న. నా చెయ్యి పట్టుకొనే పోయిండు." కళ్లు తుడుచుకుని, "పేపర్ల నా డబ్బా మస్తు గీసినవ్, సొట్ట సుత ఇడువలే" అంది. ఏడుస్తున్నవాణ్ణి నవ్వేశాను. నా బొమ్మలకు అంతకంటే పెద్ద మెప్పు ఆ తర్వాత ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు నేనూ ముసలివాణ్ణే. మొన్న ఆసుపత్రిలో వరుస పెద్దదిగా ఉంటే, నా గొడుగును నా చోట నిలబెట్టి బెంచీ మీద కూర్చున్నాను. వెనకున్నావిడ గొడుగును చూసి, నన్ను చూసి, పెదవి బిగబట్టింది. "నవ్వమ్మా, పర్వాలేదు. అది సుత నా లెక్కనే వంగింది" అన్నాను. ఆమె నవ్వింది. నా వంతు వచ్చేదాకా గొడుగును ఎవరూ జరపలేదు.